మొదటి గీత గారికి

పాలసీసా మీద కొలువుతీరిన 20 మిల్లీలీటర్ల గీత గారికి నమస్కారాలు.

ఈ తెల్లవారుజామున తమరి ప్రతాపం ఇంటిల్లిపాదీ చూశారు. నిద్రమొహంతో పంపు పట్టుకుని కూర్చుని తీసిన పాలను మా అత్తయ్య ట్యూబులైటు కిందికి ఎత్తి, కళ్ళు చిట్లించి, "గీత దాకా కూడా రాలేదే అమ్మా" అన్నారు. మధ్యాహ్నానికి ఆ సంగతి ఫోనులో విజయనగరం చేరింది. పాలు పడాలని అన్నంలో వెల్లుల్లి కారం రెట్టింపయింది. రాత్రికి సొరచేపతో సొరపిట్టు వచ్చింది. సొరపిట్టు మీద నాకు కోపం లేదు, బాగుంది.

కోపం తమరి మీదే.

తమరిని అచ్చువేసిన మహానుభావుడు, నెలలు నిండి పుట్టి గటగటా తాగే బిడ్డను మనసులో పెట్టుకుని ఉంటాడు. తమరి కింద ఇంకో గీత లేదు. అంటే అక్కడున్నవి పాల కిందికి రావనే కదా? నెలలు నిండకుండా పుట్టి, పసికందుల ఐసీయూ (ఎన్‌ఐసీయూ)లో ఉన్న నా కొడుకుకు రెండు గంటలకోసారి గొట్టంలో పోసేది 2 మిల్లీలీటర్లు. నర్సమ్మ సిరంజిని పైకెత్తి పట్టుకుంటుంది. పాలు వాటంతటవే దిగాలి, తోయకూడదు. ఆ సిరంజికి మిల్లీలీటరులో పదోవంతుకు కూడా గీత ఉంది. ఈ రోజు దాంతో కొలిస్తే, తమరు లెక్కలో వేయని పాలు 14 మిల్లీలీటర్లు తేలాయి. వాడికి ఏడు పూటల తిండి. వాడి పేగులు దెబ్బతినే ప్రమాదాన్ని తగ్గించేవి కూడా ఇవే.

పంపు మోత గురించి రాయను, దాని బతుకే అంత. ప్రతిసారీ భాగాలన్నీ విప్పి, కడిగి, మరిగించడం గురించీ రాయను. "కంగారు పడితే పాలు రావు" అని నన్ను కంగారు పెట్టేవాళ్ళకు వేరే ఉత్తరం ఉంది. పాలు ఊరించే హార్మోను ప్రొలాక్టిన్ రాత్రిళ్ళే ఎక్కువ కాబట్టి రాత్రి పంపు మానవద్దన్న శాస్త్రానికి ఇంకొకటి.

చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం కలిపి చేయడం గర్భం లెక్కలో సుమారు 34 వారాలు నిండితే గానీ వాడికి చేతకాదట. అందాకా వాడికీ నాకూ మధ్య పంపు, గొట్టం, తమరు. కుట్లు ఇంకా సలుపుతున్నాయి. ఒళ్ళో బిడ్డ లేని బాలింతను. మెడ వంచి, చుక్క చుక్కకూ తమరికి సంజాయిషీ ఇచ్చుకుంటున్నాను. అసలు ఎవరివి నువ్వు? నీలిరంగు అచ్చువి. గోటితో గీకితే ఊడిపోతావు. నా బిడ్డకు ఏది చాలుతుందో, ఏది చాలదో చెప్పడానికి నువ్వెవరివి?

మా ఆడపడుచు ముందే కొని దాచిన మేజోళ్ళు వాడి పాదాలకు మరీ పెద్దవి. సీసాకు మాత్రం అతికినట్టు సరిపోయాయి. ఒకటి తొడిగేశాను. ఇక లోపలే ఉండు. అత్తయ్య అడిగితే సీసాకు చలి వేస్తోందని చెబుతాను.

ఇట్లు,
మళ్ళీ మూడింటికి లేవవలసిన బాలింత