ముద్దలు కలిపి పెట్టకండి, ఆ చేతికే పని చెప్పండి

మెదడులో రక్తం గడ్డకట్టి పక్షవాతం (స్ట్రోక్) వస్తే నాలుగున్నర గంటల్లోపు ఆ క్లాట్ కరిగించే ఇంజెక్షన్ పడాలని ఇప్పుడు చాలామందికి తెలుసు, మళ్లీ అదే చెప్పను. నా గొడవంతా డిశ్చార్జ్ అయ్యాక ఇంట్లో జరిగేదాని మీదే.

గుంటూరు బ్రాడీపేటలో మా బాబాయ్‌కి కుడి చెయ్యి పడిపోయింది. ఇంటికొచ్చిన రోజు నుంచి పిన్ని ముద్దలు కలిపి నోట్లో పెట్టేది, కోడలు చొక్కా తొడిగేది, చూడ్డానికొచ్చిన చుట్టాలంతా ఎంత సేవ, ఎంత అదృష్టం అని పొగిడేవాళ్లు. నాకైతే అక్కడే మండింది, ఎందుకంటే ఆ సేవే ఆ చెయ్యిని రెండోసారి పడగొడుతోంది.

చచ్చిపోయిన మెదడు కణాలు తిరిగి రావు, నిజమే, కానీ వాటి పక్కనున్న భాగాలు ఆ పని నేర్చుకోగలవు, కాకపోతే పని ఇస్తేనే. 1996లో అమెరికా సైంటిస్ట్ రాండాల్ఫ్ నూడో బృందం కోతుల్లో చూసిందిదే, స్ట్రోక్ తర్వాత చేతికి ట్రైనింగ్ లేని కోతుల్లో, మెదడులో దెబ్బ తగలని పక్క భాగం కూడా చేతి పని వదిలేసింది, ట్రైనింగ్ ఇచ్చినవాటిలో నిలబడింది, కొన్నిట్లో మోచెయ్యి, భుజం చూసుకునే చోట్లోకి కూడా చెయ్యి చూసుకునే భాగం పాకింది. ఎడ్వర్డ్ టాబ్ అనే అమెరికా సైకాలజిస్ట్ అయితే పేషెంట్లకే బాగున్న చేతికి తొడుగు వేసి కట్టిపడేశాడు, ఇక పడిపోయిన చేతితోనే చచ్చినట్టు పని చెయ్యాలి! 222 మందితో చేసిన ఎక్సైట్ ట్రయల్‌లో రెండు వారాలు ఇలా చేయిస్తే ఆ ఫలితం ఏడాది తర్వాత కూడా కనపడింది, 2006లో వచ్చింది ఆ పేపర్. వాళ్లందరికీ మణికట్టు, వేళ్లు ఎంతోకొంత కదిలేవి, అదీ చెప్పాలి.

తొందరపడితే ప్రమాదం కదా అంటారు. కరెక్టే, మొదటి 24 గంటల్లోనే లేపి ఎక్కువెక్కువ నడిపిస్తే నష్టమని 2015లో అవర్ట్ ట్రయల్ తేల్చింది. కానీ అది మొదటి రోజుల మాట, మూడో నెల్లో కూడా ముద్దలు పెట్టడానికి సాకు కాదు.

అసలు మన ఇళ్లలో జబ్బుతో పనేముంది, అరవై దాటితే చాలు "నువ్వు కూర్చో నాన్నా" అంటాం, గ్యాస్ బుకింగ్ లాక్కుంటాం, బ్యాంకు పని లాక్కుంటాం, రైతు బజారుకి వెళ్తానంటే ఎండ అంటాం, దానికి గౌరవం అని పేరు. స్ట్రోక్ రాకముందే మనిషిని సగం మంచాన పడేసి, వచ్చాక మిగతా సగం కూడా పడుకోబెట్టి, ఫిజియో వారానికి రెండుసార్లొచ్చి గంట సేపు చెయ్యి ఊపి వెళ్తే లేచి నడవాలంటాం.

ఫిజియోనే ఒప్పించాడు పిన్నిని చివరికి. ఇప్పుడు బాబాయ్ ముందు చాటలో వేరుశనక్కాయలు పోస్తోంది, కుడి చేత్తోనే ఒలవాలని రూల్. రెండు చేతులతో ఒలుస్తూ దొరికిపోతాడు, పైగా ఒలిచిన వాటిలో సగం ఆయనే తినేస్తున్నాడని పిన్ని నాకు ఫోన్ చేసి కంప్లైంట్.