చేపకి చిప్, మనకి ఫార్వర్డ్

కొన్నాళ్లుగా ఎక్కడ చూసినా అదే మెసేజ్. బంధువుల గ్రూపులో, డిగ్రీ బ్యాచ్ గ్రూపులో, ఆఖరికి అపార్ట్‌మెంట్ నీళ్ల ట్యాంకర్ల గ్రూపులో కూడా. వెన్నురెక్క పక్కన పసుపుపచ్చ దారంలాంటిది వేలాడుతున్న సూర (ట్యూనా) చేప ఫోటో, దాని కింద ఎర్ర సైరన్ బొమ్మలు. విషయం ఇది: "విదేశీ సంస్థలు చేపల్లో చిప్పులు పెట్టి వదులుతున్నాయి. శాటిలైట్‌తో మన పడవల్ని కనిపెడుతున్నాయి. ట్యాగ్ వేసిన చేప ఎలాగూ చచ్చిపోతుంది. దాన్ని తింటే క్యాన్సర్. చేపలు ఎక్కడ తిరుగుతాయో మన తాతలకే తెలుసు, ఈ పరిశోధనలన్నీ దండగ. మత్స్యకార సోదరులారా, ట్యాగ్ కనిపిస్తే ఎవరికీ చెప్పకుండా సముద్రంలో పారేయండి. చెబితే వేట మీద కొత్త నిషేధం వస్తుంది. అందరికీ షేర్ చేయండి."

షేర్ చేసినవాళ్లలో ఇంజనీర్లున్నారు. ఒక డాక్టరుగారూ ఉన్నారు. కనీసం క్యాన్సర్ అన్న మాట దగ్గరైనా ఆయన ఆగుతారనుకున్నాను.

ముందు చిప్ సంగతి చూద్దాం. ఫోటోలో ఉన్నది సన్నటి ప్లాస్టిక్ గొట్టం. బాల్‌పెన్ రీఫిల్ కన్నా సన్నం. ఒక చివర చిన్న కొక్కెం ఉంటుంది. దాన్ని సూదిలాంటి గొట్టంతో వెన్నురెక్క మొదట్లో కండలోకి దింపుతారు, మిగతాది బయట వేలాడుతుంది. దాని మీద ఒక నంబరు, ఎవరికి చెప్పాలో ఆ వివరం. అంతే. బ్యాటరీ లేదు, వైరు లేదు. 2005-2007 మధ్య హిందూ మహాసముద్రంలో సుమారు 1,68,000 సూర చేపలకు ట్యాగులు వేశారు, వాటిలో అత్యధికం ఇవే, ఎక్కువ భాగం టాంజానియా తీరంలో. ఆ చేప మళ్లీ ఎవరి వలకో గాలానికో చిక్కి, ఆ మనిషి నంబరు చూసి చెబితేనే కథ ముందుకు నడుస్తుంది. చెప్పకపోతే ఆ ప్లాస్టిక్ ముక్కకి మాట్లాడటం రాదు.

శాటిలైట్ ట్యాగులు అసలు లేవా అంటే ఉన్నాయి. మన హైదరాబాద్ నిజాంపేట దగ్గరున్న ఇన్‌కాయిస్, అంటే సముద్ర సమాచారం అందించే కేంద్ర సంస్థ వాళ్లే, ఫిషరీ సర్వే ఆఫ్ ఇండియా, సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ)లతో కలిసి పసుపు రెక్కల సూరలకు అలాంటివి కట్టారు. "విదేశీ కుట్ర" మన మెట్రో నగరం శివార్లలోనే ఆఫీసు పెట్టుకుందన్నమాట. ఉప్పునీళ్లలోంచి రేడియో సిగ్నల్ బయటికి రాదు. అందుకే ఆ ట్యాగ్ చేపతో ఉన్నన్నాళ్లూ లోతు, వేడి, వెలుతురు లోపల రాసుకుంటుంది. ముందే పెట్టిన తేదీకి ఊడి, పైకి తేలి, అప్పుడు శాటిలైట్‌కి పంపుతుంది. చేప ఏ రోజు ఎక్కడుందో వెలుతురును బట్టి, అంటే సూర్యోదయ సూర్యాస్తమయాల్ని బట్టి లెక్క కడతారు. ఆ లెక్కలో వంద కిలోమీటర్లు అటూ ఇటూ కావడం మామూలే. దీంతో మీ పడవని కనిపెట్టడం అంటే, విశాఖలో ఉన్న మనిషి కోసం తునిలో వెతకడం.

పడవ జాడే భయమైతే పడవ మీదకే చూడండి. ఇస్రో తయారుచేసిన ట్రాన్స్‌పాండర్లు లక్ష పడవలకు బిగించాలని 2024లో కార్యక్రమం మొదలైంది. అది బహిరంగంగానే పడవ ఎక్కడుందో చెబుతుంది, తుపాను కబురూ అందిస్తుంది. ఇంత ఉండగా పాపం ఆ చేపని గూఢచారిని చేయడం ఎందుకు?

ట్యాగ్ వేస్తే చేప చస్తుందా? కొన్ని చస్తాయి. కొన్నింటికి ట్యాగ్ ఊడిపోతుంది కూడా. అందుకే కొన్ని చేపలకు రెండేసి వేసి, ఎన్నింటికి ఒకటే మిగిలిందో చూసి ఊడిపోయే లెక్క తేలుస్తారు. అన్నీ చచ్చేవే అయితే ఆ 1,68,000లో పాతిక వేలకు పైగా ట్యాగులు తిరిగి ఎలా వచ్చాయో మెసేజ్ రాసినాయన చెప్పాలి.

ఇక క్యాన్సర్. ట్యాగ్ ఉన్న చోట వేలెడంత కండ కోసి పారేయండి, మిగతాది పులుసు పెట్టుకోండి. కానీ ఇక్కడ ఒక్క మాట ఒప్పుకోవాలి, మందు ఎక్కించిన చేపలు నిజంగానే ఉన్నాయి. వయసు లెక్క కోసం కొన్ని సూరలకు ఆక్సీటెట్రాసైక్లిన్ ఇంజెక్షన్ ఇచ్చి వదిలారు. అది డాక్టర్లు రాసే యాంటీబయాటిక్కే. చేప చెవిలోని చిన్న రాయిలో అది ఒక గీతలా నిలిచిపోతుంది, అతినీలలోహిత కాంతిలో మెరుస్తుంది. ఆ గీత తర్వాత ఎంత పెరిగిందో చూసి చేప ఎంత వేగంగా పెరుగుతుందో తెలుసుకుంటారు. మందు ఇచ్చినవాళ్లు దాన్ని దాచలేదు, పరిశోధన పత్రాల్లోనే రాసి ఉంది. మెసేజ్ రాసినాయన ఈ ఒక్క నిజాన్ని పట్టుకున్నా కాస్త గౌరవం దక్కేది. దాన్ని వదిలేసి క్యాన్సర్ పట్టుకున్నాడు.

తాతలకు తెలుసన్న మాట నాకు నచ్చింది. తెలుసు. ఏ నెలలో, ఎంత లోతులో, ఏ గాలికి సూర వస్తుందో పడవ నడిపే సరంగుని మించి చెప్పేవాడు లేడు. మన దగ్గరికి రాకముందు అది ఎక్కడుందో మాత్రం తాతకెలా తెలుస్తుంది? టాంజానియాలో ట్యాగ్ వేసిన చేపలు మాల్దీవుల గాలాలకు చిక్కాయి. తాబేళ్ల సంగతీ అంతే. 2021లో ఒడిశా తీరంలో 03233 నంబరు ట్యాగ్ వేసిన ఆలివ్ రిడ్లే తాబేలు 2025లో మహారాష్ట్రలోని గుహాగర్‌లో గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కింది. తూర్పు తీరం తాబేళ్లు వేరు, పడమటి తీరం తాబేళ్లు వేరు అనుకునేవాళ్లు మళ్లీ ఆలోచించాల్సి వచ్చింది. రెక్కకు బిగించిన చిన్న ట్యాగ్, దాని నంబరు చూసిన మనిషి. ఇంతకు మించి టెక్నాలజీ లేదు.

ఇప్పుడు అసలు విషానికి వద్దాం. "ట్యాగ్ పారేయండి, చెబితే నిషేధం వస్తుంది." మిగతావన్నీ నవ్వి వదిలేయొచ్చు గానీ, ఇది మత్స్యకారుల నోట్లో మట్టి కొట్టే మాట.

లెక్క చూడండి. సముద్రంలో చేపలు ఎన్నున్నాయో ట్యాగులతో అంచనా కట్టడం 1890ల్లో డెన్మార్క్ శాస్త్రవేత్త పీటర్సన్ నాటి నుంచీ ఉన్న పద్ధతి. ఉదాహరణకి వెయ్యి చేపలకు ట్యాగ్ వేసి వదిలారు. తర్వాత వేటలో 5,000 చేపలు పడితే వాటిలో 50కి ట్యాగులున్నాయి. అంటే నూటికి ఒకటి. కాబట్టి సముద్రంలో ఉన్నవి దాదాపు లక్ష. ఇప్పుడు మెసేజ్ నమ్మి సగంమంది ట్యాగులు పారేశారు. 25 మాత్రమే అందాయి. లెక్క రెండు లక్షలకు పోయింది! సముద్రంలో లేని లక్ష చేపలు కాగితం మీద పుట్టుకొచ్చాయి. చేపలు బోలెడున్నాయని కాగితం చెప్పాక ఎక్కువ పట్టుకోవడానికి ఎవరు వస్తారు? ఫైబర్ తెప్పలో గాలం వేసే మనిషా, ఒక్క వలలో టన్నుల కొద్దీ సూరల్ని చుట్టేసే యూరప్ ఓడలా? పైగా ట్యాగులు దాచేవాళ్లుంటారని శాస్త్రవేత్తలకు తెలుసు. అందుకే ఓడల్లో, పట్టిన చేపలకే గుట్టుగా ట్యాగులు గుచ్చి, అందులో ఎన్ని తిరిగొస్తాయో చూసి లెక్క సరిచేసుకుంటారు. ఆ పని పెద్ద ఓడల మీద జరిగింది. మన చిన్న పడవలకు అలా సరిచేసేవాళ్లు లేకపోతే తప్పు లెక్క మన నెత్తినే పడుతుంది.

నిషేధం భయం ఉత్తదని మాత్రం అనను. లెక్కల వల్ల ఆంక్షలు వస్తాయి. 2015లో పసుపు రెక్కల సూర నిల్వలు తరిగిపోయాయని తేలాక హిందూ మహాసముద్ర ట్యూనా కమిషన్ పట్టుబడికి కోతలు పెట్టింది. వాటి బరువు మొదట పడింది ఎక్కువ పట్టే దేశాల మీదే. ఇక మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల నిషేధానికి ఈ ట్యాగులతో సంబంధమే లేదు.

పశ్చిమ బెంగాల్‌లో గంగ మీదున్న ఫరక్కా బ్యారేజీ దగ్గర చూడండి. కింది వైపు పట్టిన ఇలిసలకు, అంటే మన గోదావరి పులస జాతికే, కేంద్ర లోతట్టు మత్స్య పరిశోధన సంస్థ వాళ్లు ట్యాగ్ వేసి బ్యారేజీ పైన గంగలో వదులుతున్నారు. అవి ఎంత దూరం ఎక్కాయో చెప్పగలిగేది ఎగువన వల వేసే జాలరి ఒక్కడే. ఆయన నంబరు చెప్పకపోతే ఆ పని మొత్తం గంగలో కలిసినట్టే.

శాస్త్రవేత్తల మీద నాకూ కోపముంది. ట్యాగ్ తెచ్చిచ్చిన మనిషికి టీషర్టో, నాలుగు డబ్బులో ఇస్తారు. ఆ చేపకి ఎక్కడ ట్యాగ్ వేశారో, అది ఎంత దూరం వచ్చిందో తెలుగులో ఒక కాగితం రాసి ఇవ్వరు. వేలం దగ్గర గంటసేపు ఓపిగ్గా జవాబులు చెప్పిన సరంగుకి తర్వాత కబురే ఉండదు. అనుమానం పుట్టక ఏం పుడుతుంది? ఆ ఖాళీలోనే ఇలాంటి మెసేజ్‌లు దూరుతున్నాయి.

మీ వలలో ట్యాగ్ ఉన్న చేప పడితే నంబరు, తేదీ, పట్టిన చోటు రాసుకోండి. ట్యాగ్‌తో సహా చేపని ఫోటో తీయండి. దగ్గర్లోని మత్స్యశాఖ ఆఫీసులో గానీ, విశాఖలో అయితే ఫిషరీ సర్వే వాళ్లకో సీఎంఎఫ్ఆర్ఐ వాళ్లకో గానీ ఇవ్వండి. కోసే ముందే పొడవు కొలవండి. మూతి కొస నుంచి తోక చీలిక దాకా కొలవాలి, తోక చివరిదాకా కాదు.