కౌంట్ అంటే ఏ కౌంట్ బాబూ?

భీమవరంలో రొయ్యలు కొనే సాఫ్ట్‌వేర్ రాసినవాడు ఒక్కసారైనా చెరువు గట్టెక్కాడా అని నా అనుమానం. కోడ్‌లో చెరువు కోసం రాసిన క్లాసుల పేర్లు చూడండి: పాండ్‌మేనేజర్, పాండ్‌హెల్పర్, పాండ్‌మేనేజర్‌హెల్పర్. అందరికీ పైన అబ్‌స్ట్రాక్ట్‌పాండ్. ఇంతమంది ఉండి, మేత లెక్క కట్టే మెథడ్ మాత్రం యుటిల్స్ అనే చిల్లర సామాన్ల మూలలో పడి ఉందండీ!

ఈ పేర్ల జబ్బు మనకొక్కళ్లకే కాదు. జావావాళ్లు వాడే స్ప్రింగ్ ఫ్రేమ్‌వర్క్‌లో నిజంగానే అబ్‌స్ట్రాక్ట్‌సింగిల్టన్‌ప్రాక్సీఫ్యాక్టరీబీన్ అనే క్లాసుంది. గుక్క తిప్పుకోకుండా చదివినవాళ్లకి ఆత్రేయపురం పూతరేకులు నా ఖర్చు. జావాలో క్లోనబుల్, అంటే ‘నకలు తీయొచ్చు’ అనే ఇంటర్‌ఫేస్ ఉంది, అందులో నకలు తీసే క్లోన్ మెథడే లేదు.

సరే, నవ్వుకుని వదిలేద్దాం. నా అసలు మంట కౌంట్ మీద.

మా వైపు కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయన్నది. 30 కౌంట్ పెద్ద రొయ్య, మంచి రేటు. 100 కౌంట్ చిన్నది. కోడ్‌లో ఇదీ కౌంటే, ట్రేల సంఖ్యా కౌంటే, లారీల సంఖ్యా కౌంటే. మూడూ ఇంట్ టైపే, అంటే ఉత్త అంకెలే. ఎవరో మహానుభావుడు కౌంట్‌ని పెద్ద అంకె నుంచి సార్ట్ చేసి, పైనున్నదానికి పై రేటు కట్టాడు. కోడ్‌లో తప్పులు పట్టాల్సిన కంపైలర్ కిమ్మనలేదు. టెస్టులన్నీ పాస్. ఆఖరికి ఒక రైతు ఫోన్ చేశాడు: “ఏవండీ, మీ కంప్యూటరు చిన్న రొయ్యకి ఎక్కువ ఇస్తానంటోంది. ఇస్తే ఇవ్వమనండి, మరి పెద్దవాటి సంగతేంటండీ?”

హంగేరియన్ నొటేషన్, అంటే కోడ్‌లో పేరుకి ముందు రకం చెప్పే అక్షరాలు తగిలించే పద్ధతి, అనగానే మూతి తిప్పే కుర్రాళ్లూ, కాస్త ఆగండి. దాన్ని పెట్టిన చార్లెస్ సిమోనీ పుట్టింది హంగేరీలో. అక్కడా మనలాగే ఇంటిపేరు ముందు. సరుకు ఏ రకమో పేరు ముందే చెప్పమన్నాడాయన. అడ్డవరస నంబరూ నిలువువరస నంబరూ రెండూ అంకెలే, కలిపితే మాత్రం తప్పని కంటికి తెలియాలి. తర్వాతివాళ్లు రకం అంటే కంపైలర్ టైపే అనుకున్నారు. ఇంట్ అనేది ఇంటిపేరా చెప్పండి? విండోస్ కోడ్‌లో డబ్ల్యూపారమ్ అనే పేరు చూడండి. డబ్ల్యూ అంటే వర్డ్, అప్పట్లో 16 బిట్లు. 64 బిట్ విండోస్‌లో అదిప్పుడు 64 బిట్లు, పేరు మాత్రం అదే!

ఇప్పుడు ముందక్షరాలు కూడా అక్కర్లేదు. ‘కౌంట్‌పర్‌కిలో’ అని చిన్న టైపు రాస్తే చాలు, ట్రేలతో కూడబోతే కంపైలరే తంతుంది. నేను రాసి పంపాను. ‘ఓవర్ ఇంజినీరింగ్’, అంటే అవసరానికి మించిన హంగామా అని రివ్యూలో కామెంటు పెట్టారు.

రివ్యూ చేసిన సార్, ఈసారి రొయ్యల పట్టుబడికి తెల్లారుజామునే కాటా దగ్గరికి రండి. ఆ 100 కౌంట్ ట్రేలు 30 కౌంట్ రేటుకి మీరే కొనుక్కెళ్లండి.