సవరణ: మోకరింపు, అంజలి

మన కతోలిక గుడిలో మోకరించకుండా చేతులు జోడించి వంగితే దివ్యసత్ప్రసాదానికి (క్రీస్తు శరీరంగా ఆరాధించే అప్పానికి) మర్యాద తక్కువని మొన్నటి పోస్టులో రాశాను. అది తప్పు, పొరపాటు నాదే. భారత కతోలిక పీఠాధిపతులు (బిషప్పులు) కోరగా, పూజలో భారతీయ పద్ధతుల గురించి రోమ్ (వాటికన్) 1969లో ఒప్పుకున్న 12 అంశాల్లో, మోకరింపుకు బదులు అంజలి ఘటించి నడుము వంచి నమస్కరించవచ్చని ఉంది. మన నల్లగొండ పల్లెల్లో చెప్పులు గడప బయట విడిచొచ్చే పెద్దవాళ్లు చేసేది ఇదే. నడుస్తూ తల ఊపడం మాత్రం అంజలి కాదు.

మోకరించేవాళ్లు కుడి మోకాలు నేలకు తాకేదాకా దించాలి. పూజా నియమాల్లో ఉన్నది అదే. ముందు ఎర్రదీపం ఎక్కడ వెలుగుతోందో చూడండి, దివ్యసత్ప్రసాదాన్ని భద్రపరిచే పెట్టె, అంటే మందసం, అక్కడ ఉంటుంది. మందసం పక్కగదిలో ఉంటే బలిపీఠానికి వంగి నమస్కరిస్తే చాలు. గుడ్ ఫ్రైడే సిలువ ఆరాధన నుంచి పాస్కా జాగరణ (ఈస్టర్ ముందు రాత్రి పూజ) మొదలయ్యేదాకా సిలువకూ మోకరిస్తాం.