సైలెన్సర్ పైకి లేపినంత మాత్రాన బుల్లెట్ ట్రయల్స్ బండి అయిపోదు

పాత కాస్ట్ ఐరన్ (పోత ఇనుము ఇంజన్) బుల్లెట్ ఒకటి కొనడం, సైలెన్సర్ పైకి లేపడం, గడుల టైర్లు వేయించడం, వెనక సీటు పీకి క్యారియర్ బిగించడం, ఫ్రేముకు రంగు కొట్టించి "ట్రయల్స్ బిల్డ్" అని ఫొటోలు పెట్టడం. ఈ మధ్య ఇదే వరస. చూడ్డానికి బాగుంటుంది, కాదనను. మోకాలెత్తు బండరాయి ముందుకు తీసుకెళ్తే మాత్రం అది మామూలు బుల్లెట్టే, పైగా సైలెన్సర్ వేడికి తొడ కాలుతుంది.

ట్రయల్స్ రేసు కాదు. గుర్తులు కట్టిన దారిలో రాళ్లూ బురదా వాగూ దాటుకుంటూ కాలు కింద పెట్టకుండా పోవాలి. కాలు ఒకసారి ఆనితే 1 పాయింటు, బండి ఆగిపోతే 5. ఎవరికి తక్కువ పడితే వాళ్లది గెలుపు. 1948లో వెనక స్వింగార్మ్ (చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ కదిలే చేయి) ఉన్న బుల్లెట్ మొదట బయటికొచ్చింది ఇంగ్లండులో కోల్‌మోర్ కప్ ట్రయల్‌లోనే. 1952లో, మళ్లీ 1957లో జానీ బ్రిటన్ అనే రైడరు ఆరు రోజుల స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్ గెలిచింది రాయల్ ఎన్‌ఫీల్డ్ మీదే. 2019లో ఇక్కడ షోరూముల్లోకి వచ్చిన "బుల్లెట్ ట్రయల్స్" ఆ పేరు తలుచుకుని చేసిన ముస్తాబు. రోడ్డు బండిగా దానికేం వంక పెట్టను. మనవాళ్లు దాన్నే నమూనాగా పెట్టుకుంటున్నారు చూడండి, పేచీ అక్కడే.

డబ్బులు ముందు ఇంజనుకు పెట్టకండి. 70 మి.మీ. బోరు (సిలిండరు వెడల్పు), 90 మి.మీ. స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం), ఇంజన్ తిరుగుడును నిలబెట్టే బరువైన ఫ్లైవీల్, తక్కువ కంప్రెషన్, 24 మి.మీ. కార్బురేటర్: నడక వేగంలో గుంజడానికి ఇంతకన్నా ఏం కావాలి? హై కంప్రెషన్ పిస్టన్, పెద్ద కార్బురేటర్, ఫ్లైవీల్ చెక్కించడం... ఇవన్నీ చేయించుకున్నవాళ్లు అసలున్న గుణాన్ని డబ్బిచ్చి మరీ పోగొట్టుకుంటున్నారు.

మొదటి ఖర్చు గేరింగు మీద. నాలుగు గేర్ల ఆల్బియన్ గేరుబాక్సులో ఫస్ట్ గేరు నిష్పత్తి 2.78. ప్రైమరీ (ఇంజన్ నుంచి క్లచ్‌కు పోయే చెయిన్) పళ్లు 25కి 56, అంటే 2.24. ముందు స్ప్రాకెట్ 16 పళ్లు, వెనక 38 అనుకుంటే ఫస్ట్ గేరులో మొత్తం 14.8, అంటే ఇంజన్ 14.8 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు. వెయ్యి ఆర్‌పీఎం దగ్గరే బండి గంటకు 8 కిలోమీటర్ల పైన పోతుంది. రాళ్లలో అది పరుగు, క్లచ్ పట్టుకోక తప్పదు, పట్టుకున్న కొద్దీ ప్లేట్లు కాలతాయి. ముందు 15, వెనక 50 వేస్తే 20.8 అవుతుంది, అదే వెయ్యి దగ్గర 6 కిలోమీటర్లు. చిక్కల్లా ఏమిటంటే వెనక స్ప్రాకెట్ విడిగా ఉండదు, పళ్లు బ్రేక్ డ్రమ్ము మీదే ఉంటాయి. లేత్ మీద పళ్లు తీయించి, మిగిలిన అంచుకు రింగు స్ప్రాకెట్ బోల్టులతో బిగించాలి. రింగు సెంటర్ తప్పితే చెయిన్ ఒకచోట బిగుతు, ఇంకోచోట వదులు. చక్రం తిప్పుతూ నాలుగు చోట్ల చూడకుండా లేత్ షాపు నుంచి కదలొద్దు. చెయిన్‌కు ఇంకో ఆరు లింకులు పడతాయి, పాత చెయిన్‌కవర్ పట్టదు.

రెండోది ఫుట్‌రెస్టులు. ట్రయల్స్‌లో కూర్చునేది లేదు, నిలబడే నడపాలి. అసలు ఫుట్‌రెస్టులు ముందుకు ఉంటాయి. వాటి మీద నిలబడితే హ్యాండిల్ పట్టుకుని వేలాడాల్సిందే, ముందు చక్రం లేవదు. 75 నుంచి 100 మి.మీ. వెనక్కి జరపాలి. ఇది వెల్డింగ్ షాపులో గంట పని అనుకుంటారు. పాత బుల్లెట్‌కు గేరూ కిక్కూ రెండూ కుడి పక్కనే కదా, వెనక్కి జరిపిన ఫుట్‌రెస్టు కిక్‌రాడ్ దారికి అడ్డం వస్తుంది. అందుకే మడిచే రకం పెట్టాలి. గేర్ లివర్ కాలికి అందదు, చిన్న లింకేజీ చేయించాలి. ఎడమ పక్క బ్రేక్ పెడల్ ఇరుసు, రాడ్ పొడవు కూడా మారతాయి. స్టీలు మందం 5 మి.మీ.కు తగ్గొద్దు. నిలబడి దూకే బరువు పడేది అక్కడే.

మూడోది, ఎవరూ పట్టించుకోనిది, ఇంజన్ కింద పలక. బుల్లెట్ ఫ్రేముకు ఇంజన్ కింద పైపు ఉండదు, ఇంజనే ఫ్రేములో ఒక భాగం. ఆయిల్ ట్యాంకు కూడా క్రాంక్‌కేసులోనే పోతపోసి ఉంటుంది. రాయి తగిలి కేసు పగిలితే ఆయిలూ పోయె, ఇంజనూ పోయె. 5 మి.మీ. అల్యూమినియం పలక వంచి, డ్రెయిన్ ప్లగ్గులకు రంధ్రాలు వదిలి, రబ్బరు బుష్‌ల మీద బిగించండి. సెంటర్ స్టాండ్ తీసేయండి, రాయికి ముందు తగిలేది అదే.

ముందు హెడ్‌లైట్ డూమ్ ఉంది కదా, ఫోర్కుల పైభాగాన్ని పట్టుకునేది అదే. తీసేయాలంటే అల్యూమినియం టాప్ యోక్ (ఫోర్కులను పైన పట్టే పలక) విడిగా చేయించాలి. వెనక 20 మి.మీ. పొడవైన షాకర్లు వేస్తే ముందు భాగం కాస్త నిటారై హ్యాండిల్ చురుగ్గా తిరుగుతుంది.

ఇంజన్‌లో చేయాల్సిందల్లా ఉన్నదాన్ని సరిగ్గా బిగించడం. టైమింగ్ పక్క ఆయిల్ పంపులను నడిపే వర్మ్ (మర గేరు) ఎడమ మర, మామూలుకు తిరగేసి విప్పాలి. అది తెలియక స్పానర్‌కు పైపు తొడిగి మామూలు వైపు తిప్పి విరగ్గొట్టే మెకానిక్‌లు ఇప్పటికీ ఉన్నారు. టైమింగ్ కవర్ తీసిన ప్రతిసారీ క్రాంక్ చివర కూర్చునే కార్క్ వాషర్ కొత్తది వేయండి. పాతది నలిగి ఉంటే బిగ్ ఎండ్‌కు (కనెక్టింగ్ రాడ్ క్రాంకును పట్టుకునే చోటు) పోవాల్సిన ఆయిల్ దారిలోనే కారిపోతుంది. ఫ్లోటింగ్ బుష్ (బేరింగు బదులు వదులుగా తిరిగే గొట్టం) ఉన్న బిగ్ ఎండ్ అలా ఎన్నాళ్లో నిలవదు.

ఐడిల్‌లో ఇంజన్ ఎగుడుదిగుడుగా కొట్టుకుంటుంటే కార్బురేటర్ విప్పకండి. ముందు ఆటో అడ్వాన్స్ (వేగం పెరిగేకొద్దీ స్పార్కును ముందుకు జరిపేది) స్ప్రింగులు చూడండి. సాగిపోతే ఐడిల్‌లోనే అడ్వాన్స్ వచ్చేస్తుంది, బండి గుంజులాడుతుంది, కిక్ వెనక్కి తంతుంది. కొత్త స్ప్రింగులు వేసి, పాయింట్ల (కాయిల్ కరెంటు తెంచే స్విచ్చు) సందు 0.35–0.40 మి.మీ. పెట్టి, పూర్తి రిటార్డ్‌లో (అడ్వాన్స్ ఏమీ లేనప్పుడు) పిస్టన్ పైకొసకు 0.8 మి.మీ. ముందు స్పార్కు వచ్చేలా టైమింగ్ కట్టండి. బరువు తగ్గుతుందని బ్యాటరీ పీకేసేవాళ్లకు ఒక మాట: కాయిల్‌కు కరెంటు దాని నుంచే. చిన్న 12 వోల్టుల బ్యాటరీ పెట్టుకోండి. ఇంజన్ ఆగాక కీ ఆఫ్ చేయండి. పాయింట్లు మూసుకున్న చోట ఆగితే కాయిల్ కాలుతుంది, బ్యాటరీ దిగిపోతుంది.

టైర్లు ముందు 2.75-21, వెనక 4.00-18, అసలైన ట్రయల్స్ రకం. మోటోక్రాస్ (మట్టి రేసు) గడులు రాతి మీద జారతాయి. ఇంత బరువు బండికి గాలి ముందు 7, వెనక 6 పీఎస్ఐ చాలు. రిమ్ లాకులు (టైరును రిమ్ముకు బిగించి పట్టేవి) లేకుండా అంత తక్కువ గాలితో నడిపితే టైరు రిమ్ము మీద తిరిగి వాల్వు మొదలంటా తెగుతుంది.

ఇంకొకటి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది, బండిని కంపెనీ ఇచ్చిన రూపం నుంచి మార్చకూడదంటుంది. ఇలా మార్చిన బండిని రోడ్డెక్కించి, ఆర్టీఏ వాళ్లు పట్టుకున్నారని ఇక్కడికొచ్చి ఏడవకండి. ట్రాలీ ఆటోలో వేసుకెళ్లండి. చాసిస్ నంబరు దరిదాపుల్లో గ్రైండర్ పెట్టనివ్వకండి, పీకిన సామాన్లు గోతంలో కట్టి దాచండి. అరవైల నాటి ఒరిజినల్ బండి దొరికితే కోయకండి బాబూ. ఈ పనికి తొంభైల నాటి స్టాండర్డ్ చాలు.