సెల్టిక్ ఆడవాళ్ల పాటలు నిద్రమాత్రలా?

ఐర్లాండ్, స్కాట్లాండ్ లాంటి సెల్టిక్ భాషల నేలల్లో ఆడవాళ్లు పాడే జానపదాల గురించి ఒక సందేశం వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది. ఒక వీడియో లింకు, పొగమంచు కమ్మిన కొండ బొమ్మ, కింద నాలుగు ముక్కలు. ఇవి వేల ఏళ్ల కిందట డ్రూయిడ్ (పాత సెల్టిక్ తెగల) పూజారిణులు జపించిన మంత్రాలట, మగవాళ్లు పాడకూడదట. గాలిలో తేలే ఆ గొంతు సెల్టిక్ స్త్రీలకు పుట్టుకతోనే వస్తుందట. మాటలకు అర్థం ఉండదు, శబ్దమే వైద్యమట. రాత్రి పెట్టుకుని పడుకుంటే టెన్షన్ పోయి హాయిగా నిద్ర పడుతుందట. ఈ పాటలంటే నాకు ప్రాణం. అందుకే ఈ పొగడ్త చూస్తే ఒళ్లు మండుతుంది.

వేల ఏళ్ల సంగతి ముందు తేల్చేద్దాం. డ్రూయిడ్లు తమ విద్యను రాతలో పెట్టలేదు. వాళ్ల గురించి తెలిసిందంతా దాదాపుగా రోమన్ సేనాని సీజర్ లాంటి పరాయివాళ్లు రాసిందే. వాళ్లు ఏ వరసలో ఏం పాడారో చెప్పే ఆధారం ఒక్కటీ మిగల్లేదు. ఇప్పుడు మనం వినే పాత పాటల్లో చాలావాటి వయసు రెండు మూడు వందల ఏళ్లు, కొన్నిటిది నాలుగు వందల పైచిలుకు. అదేమీ తక్కువ వయసు కాదు. కానీ ఈ సందేశాలతో పాటు వచ్చే వీడియోల్లో ఆ పాతవి కూడా అరుదే. సెల్టిక్ ఉమన్ అనే బృందం 2004లో డబ్లిన్‌లో పుట్టింది. వాళ్ల కచేరీల్లో జనం కళ్లు తుడుచుకునే ‘యూ రైజ్ మీ అప్’ పాటకు వరస కట్టింది నార్వేకి చెందిన రోల్ఫ్ లోవ్‌లాండ్, మాటలు రాసింది ఐరిష్ రచయిత బ్రెండన్ గ్రాహం. అది ఈ శతాబ్దంలో రికార్డయిన పాట. బాగుంటుంది, కాదనను. డ్రూయిడ్లను మాత్రం వదిలేయండి.

ఇక ఆ తేలే గొంతు. దాని పుట్టుక స్టూడియోలో జరిగింది, పైగా ఈమధ్యే. ఐర్లాండ్‌లోని డోనెగల్ జిల్లా గ్వీడోర్‌లో ఐరిష్ భాష మాట్లాడే ఇంట్లో పుట్టిన గాయని ఎన్యా, 1988లో ‘ఒరినోకో ఫ్లో’ పాటతో ప్రపంచమంతా వినపడింది. అందులో కోరస్‌లా వినిపించేది కోరస్ కాదు. ఒకే మనిషి మళ్లీ మళ్లీ పాడితే నిర్మాత నికీ రయన్ ఆ పొరలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చాడు, వెనక సింథసైజర్ నడిచింది. ఎన్యా తోబుట్టువుల బృందం క్లానాడ్ 1982లోనే దాదాపు ఈ ధోరణిలో ఐరిష్ భాషలో పాడి బ్రిటన్ చార్టుల్లో అయిదో స్థానం దాకా వెళ్లింది. ఆ పాట బెల్‌ఫాస్ట్ హింస మీద తీసిన ఒక టీవీ నాటకం కోసం చేసింది! ప్రశాంతత కోసం వింటున్నవాళ్లలో ఎంతమందికి తెలుసో.

స్టూడియో బయట గొంతులు వేరు. ఐరిష్ సంప్రదాయ గానం షాన్-నోస్‌లో తోడు వాద్యం ఉండదు, ఒక్క గొంతే. గమకాలు దట్టంగా ఉంటాయి, కొందరి గొంతు కాస్త ముక్కులోంచి వస్తుంది, మైకు పెట్టి మెత్తబరచడం ఉండదు. కార్క్ నగరానికి చెందిన మార్గరెట్ బ్యారీ బ్యాంజో మోగిస్తూ సంతల్లో పాడుకుని బతికింది. సంత గోల మీద వినబడాలంటే ఎలాంటి గొంతు కావాలో ఊహించుకోండి. ఫ్రాన్స్ పడమటి కొసన బ్రిటనీలో గోయడెక్ అక్కచెల్లెళ్లు, వాద్యం లేకుండా ఒకరి మాట ఒకరు అందుకుంటూ పాడి జనం చేత గంటల తరబడి నృత్యం చేయించారు. వాళ్లది కూడా సెల్టిక్ భాషే. వాళ్ల పాట పెట్టుకుని పడుకుంటే నిద్ర పట్టడం అలా ఉంచి, పక్కింటివాళ్లు లేస్తారు.

అర్థం లేని శబ్దాలన్న మాటకు కొంత ఆధారం ఉంది. ఎన్యా పాటలు రాసే రోమా రయన్ 2005 ఆల్బమ్ కోసం లాక్సియన్ అనే భాషనే కల్పించింది. స్కాట్లాండ్ పాటల్లో కూడా ‘హి రి హో రో’ లాంటి పలుకులు చాలా ఉంటాయి. కానీ అవి ఎందుకున్నాయో చూడాలి. స్కాట్లాండ్ పడమటి వైపున్న హెబ్రిడీస్ దీవుల్లో మగ్గం మీంచి దింపిన ఉన్ని గుడ్డ దట్టమవ్వాలంటే తడిపి బల్ల మీద బాదాలి. ఆడవాళ్లు బల్ల చుట్టూ కూర్చుని బాదుతూ పాడేవారు. ఒకరు చరణం ఎత్తుకుంటే మిగతావాళ్లు ఆ పలుకులు అందుకునేవారు. మన దంపుడు పాటల్లో ‘సువ్వి’ చేసే పనే ఇది: దెబ్బ తప్పకుండా చూస్తుంది, పాడేవాళ్లకు తర్వాతి మాట గుర్తు తెచ్చుకునే వ్యవధి ఇస్తుంది. చరణాల్లో మాత్రం ప్రేమ వ్యవహారాలు, సముద్రంలో పోయిన మగవాళ్లు, ఊరివాళ్ల మీద ఎకసెక్కాలు అన్నీ ఉంటాయి. అన్నట్టు, ఆ గుడ్డను తడిపేది నిల్వ ఉంచిన మూత్రంలో, అందులోని అమోనియా కోసం. పవిత్ర మంత్రోచ్చారణ అనేవాళ్లు ఆ వాసన కూడా కలుపుకోవాలి.

నిద్రపుచ్చడం అనే మాటకే నాకు ఎక్కువ అభ్యంతరం. ఎందుకంటే ఇక్కడ నిజంగానే ఒక జోలపాట ఉంది. 1570లో స్కాట్లాండ్‌లో గ్రెగర్ మెక్‌గ్రెగర్‌ను క్యాంబెల్ వంశంవాళ్లు తల నరికి చంపారు. అతని భార్య మారియన్ కూడా క్యాంబెల్‌లలో పుట్టిన పిల్లే. అంటే పుట్టింటి వంశమే మొగుణ్ణి చంపింది. చంకలో పసివాడు. వాణ్ణి ఊపుతూ ఆమె పాడిందని చెప్పే గేలిక్ (స్కాట్లాండ్ సెల్టిక్ భాష) పాట ‘గ్రిగల్ క్రీ’ ఇప్పటికీ వాడుకలో ఉంది. ఓక్ మొద్దు మీద అతని తల పెట్టారు, రక్తం నేల మీద పారబోశారు, చేతిలో గిన్నె ఉంటే కడుపారా తాగేదాన్ని అంటుంది. మిగతా ఆడవాళ్లు మొగుళ్ల పక్కన నిద్రపోతుంటే తాను మంచం అంచున కూర్చుని చేతులు కొట్టుకుంటున్నానంటుంది. వరస ఎంత నెమ్మదిగా ఉంటుందంటే, భాష తెలియనివాళ్లు దీన్ని ‘రిలాక్సింగ్ మ్యూజిక్’ జాబితాలో వేసేస్తారు.

ఇది ఒక్కటే కాదు. 1773 మే 4న కార్క్ జిల్లాలో ఆర్ట్ ఓలియరీని కాల్చి చంపారు. కథోలిక్కులు అయిదు పౌండ్ల కంటే ఖరీదైన గుర్రం ఉంచుకోకూడదని అప్పటి చట్టం. అతను తన గుర్రాన్ని ఆ ధరకు అడిగితే ఇవ్వనన్నాడు, గొడవ అక్కడ ముదిరింది. అతని భార్య ఐలీన్ చెప్పినదిగా నిలిచిన శోకగీతంలో గుర్రం ఒంటరిగా ఇంటికొస్తుంది, ఆమె దాని మీదకు దూకి వెళ్లి, పొద పక్కన పడి ఉన్న మొగుడి రక్తాన్ని దోసిట పట్టి తాగుతుంది. తర్వాత చంపించినవాణ్ణి పేరు పెట్టి తిడుతుంది. శవం దగ్గర ఇలా ఆశువుగా ఏడవడం ఐర్లాండ్‌లో ఆడవాళ్ల విద్య. డబ్బిచ్చి పిలిపించే ఆరితేరినవాళ్లు ఉండేవారు. చర్చి దీన్ని ఆపించాలని చాలాకాలం పోరాడింది. ఉత్త ఓదార్పు అయితే చర్చికి అంత పట్టుదల దేనికి?

మగవాళ్లు పాడకూడదన్నది సగం నిజం కూడా కాదు. శోకాలు, గుడ్డ బాదే పాటలు ప్రధానంగా ఆడవాళ్లవే. కానీ షాన్-నోస్‌లో అందరూ ముందు చెప్పే పేర్లలో ఐర్లాండ్ పడమట కనెమారా వాసి జో హీనీ ఒకడు. హెబ్రిడీస్ నుంచి కెనడాలోని కేప్ బ్రెటన్‌కు వలస వెళ్లినవాళ్లలో అయితే ఆ బల్ల చుట్టూ మగవాళ్లు కూడా చేరిపోయారు. అసలు గొంతులు వినాలనుకుంటే హెబ్రిడీస్‌లోని బార్రా దీవికి చెందిన ఫ్లోరా మెక్‌నీల్ పాడినవి వెతకండి. స్కాట్లాండ్ పరిశోధకులు 1951 నుంచి ఊరూరా తిరిగి చేసిన రికార్డింగులు ‘తోబర్ అన్ దుఅల్‌ఖైస్’ వెబ్‌సైట్లో వేలల్లో ఉన్నాయి. డబ్బు కట్టక్కర్లేదు.