సవ్యంగా తిరిగిన తుపాను

మొన్న అల్పపీడనం నాడు ఓ వార్తా ఛానల్లో తుపాను తిరుగుతోంది. ఎర్రగా, రంపంలా, భీకరంగా. మీరూ చూసే ఉంటారు. చిక్కల్లా ఒక్కటే: అది గడియారం ముల్లులా సవ్యదిశలో తిరుగుతోంది. ఉత్తరార్ధగోళంలో తుపాన్లన్నీ అపసవ్యంగానే తిరుగుతాయి. అది భూభ్రమణం పెట్టిన రూలు. పోనీలే, ఛానళ్లలో ఇదొక్కటైనా సవ్యంగా జరుగుతోందని సంతోషించాను.

ఆ లెక్కన అది ఆస్ట్రేలియా పక్కన పుట్టి, తుపాన్లకు అలవాటు లేని భూమధ్యరేఖను దాటి, వీసా లేకుండా కాకినాడకొస్తోందన్నమాట. ఏసీ స్టూడియోలో రెయిన్‌కోటు తొడుక్కున్న యాంకరమ్మ ఆ రంపం పక్కన నిలబడి "దూసుకొస్తోంది!" అంది. ఉప్పాడ ఒడ్డున విలేకరి "నిలబడలేకపోతున్నాం" అంటూ అటూ ఇటూ ఊగాడు. అతని వెనకాల తాడు మీద ఆరేసిన లుంగీ మాత్రం కదల్లేదు. లుంగీకి ఎవరూ చెప్పినట్టు లేదు.

గాలి సంగతి తెలియాలంటే లుంగీ దాకా కూడా పోనక్కర్లేదు. 2022 నవంబరు 26న ఇస్రో పంపిన ఓషన్‌శాట్-3, ఏడొందల కిలోమీటర్లకు పైనుంచి, సముద్రం మీదికి మైక్రోవేవ్ తరంగాలు వదులుతుంది. గాలికి నీటి పైభాగం గరుకెక్కుతుంది కదా, ఆ గరుకు తిప్పికొట్టిన తరంగాలను బట్టి గాలి ఎటు, ఎంత వేగంతో వీస్తోందో దానిలోని స్కాటరోమీటర్ అనే పరికరం లెక్కగడుతుంది.

అసలు కథ గాలికీ నీటికీ మధ్య జరిగే బేరంలో ఉంది. తుపాను సముద్రపు వేడి తాగి బలుస్తుంది. బలిసి, అడుగు నీళ్లను చిలికి పైకి తెచ్చి, తన కూడు తానే చల్లార్చుకుంటుంది. అది పోయిన దారిలో మిగిలే చల్లని చారను మబ్బుల చాటునుంచి కూడా ఉపగ్రహాలు చూడగలవు. మన బంగాళాఖాతంలోనైతే గంగా, గోదారీ తెచ్చిపోసిన మంచినీళ్లు పైన మూతలా పరుచుకుంటాయి. చిలకడం సాగదు, వడ్డన ఆగదు. ఇది చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. కానీ రంపం ఖాళీగా లేదు.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన మింగింది. పోయినవాళ్లు వేలల్లో. సముద్రాన్ని చూడ్డానికే అమెరికా చేసిన సీశాట్ ఎగిరింది ఆ తర్వాత ఏడు నెలలకు. ఆనాటివాళ్లకు ఆకాశంలో ఆ కన్ను లేదు. మీకుందిరా! ఉండీ ప్రతి చినుకుకూ "రాకాసి తుపాను" అని గొంతు చించుకుంటే, నిజమైనది వచ్చిన రాత్రి "వీళ్లదెప్పుడూ ఇంతే" అని పడుకునే ముసలమ్మ ప్రాణం ఎవరి ఖాతాలో రాయాలి? సిగ్గుండక్కర్లా?

ఉండబట్టలేక ఆ ఛానల్‌కు ఫోన్ చేశాను. అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు.

"అటు తిప్పితే మన లోగో తుపానులో కొట్టుకుపోతున్నట్టుంటుంది సార్."